ఘానాలో చూడటానికి ఏమీ లేదా? ఆ సందేశానికి నా జవాబు

"ఘానాలో అక్రా ఒక్కటే నగరం, అదీ ఒక పూట పని. తీరంలోని కోటలు తెల్లవాళ్ళ పాత గోదాములు, వాటికోసం డబ్బు తగలెయ్యకండి. ఇంగ్లీషు ఎవరికీ రాదు. శాకాహారికి పస్తులే. చీకటి పడితే ప్రాణానికి హామీ లేదు." ఈ సందేశం మన వాట్సాప్ గుంపుల్లో చేతులు మారుతూనే ఉంది. మా చెల్లెలి కొడుకు కూడా నాకు పంపి, "మామయ్యా, నువ్వు అక్కడ పనిచేశావు కదా, ఇదంతా నిజమేనా?" అని అడిగాడు. అక్రా పక్కనున్న తేమాలో రెండేళ్ళు ఉద్యోగం చేసినవాడిగా వాడికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నగరాల సంగతి. అక్రాలో, 1957 మార్చి 6న స్వాతంత్ర్యం వచ్చిన వేళ దేశ తొలి ప్రధాని క్వామే ఎన్‌క్రుమా మాట్లాడిన పాత పోలో మైదానంలోనే ఇప్పుడు ఆయన సమాధి ఉంది. అక్కడి నుంచి జేమ్స్‌టౌన్ జాలరిపేట, మకోలా బజారు చూసేసరికే రోజు గడిచిపోతుంది. ఘానాలోనే పుట్టి సన్యాసం తీసుకున్న స్వామి ఘనానంద సరస్వతి స్థాపించిన హిందూ మఠం కూడా ఈ ఊళ్ళోనే ఉంది. మనవాళ్ళు చాలామందికి ఆ మాటే తెలియదు.

అక్రా నుంచి సుమారు 250 కిలోమీటర్లు లోపలికి వెళితే కుమాసి. అశాంటి ప్రజల రాజ్యానికి రాజధాని, ఇప్పటికీ రాజు కొలువుండే ఊరు. 1874లో బ్రిటిష్ సైన్యం ఈ నగరాన్ని తగలబెట్టి, రాజమందిరంలోని బంగారాన్ని దోచుకుపోయింది. సరిగ్గా నూట యాభై ఏళ్ళకు, 2024లో, లండన్‌లోని రెండు మ్యూజియాలు 32 వస్తువులను కుమాసిలోని మన్‌హియా రాజమందిరం మ్యూజియానికి పంపాయి. తిరిగి ఇవ్వలేదు, కొన్నేళ్ళ గడువు పెట్టి అరువిచ్చాయి. ఎవరి సొమ్ము ఎవరికి అరువు? ఆ నగల ముందు నిలబడితే ఈ ప్రశ్న తప్పకుండా గుచ్చుకుంటుంది.

కుమాసికి దగ్గరలోనే బోన్‌వైర్ ఉంది. కెంటే వస్త్రం నేసే ఊరు. మన గుంట మగ్గంలో నేతగాడు పాదాలతో పలకలు తొక్కుతాడు. అక్కడ పలకలు ఉండవు. వేలాడే తాళ్ళ చివర చిన్న బిళ్ళలుంటాయి. వాటిని కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించుకుని, ఒక కాలు లాగుతూ మరో కాలు వదులుతూ నేస్తారు. మగ్గం మీద నుంచి వచ్చేది నాలుగు అంగుళాల పట్టీ మాత్రమే. అలాంటి పట్టీలను పక్కపక్కన పేర్చి కుడితే ఒక వస్త్రం. నేను అరగంట పైగా ఆ కాలివేళ్ళనే చూస్తూ కూర్చున్నాను.

ఉత్తరాన టమాలే మరో ప్రపంచం. మసీదులు, మోటారు సైకిళ్ళు, షియా అనే చెట్టు గింజల నుంచి తీసిన వెన్న అమ్మే ఆడవాళ్ళు. ఏనుగులను చూడాలనుకుంటే మోలే అభయారణ్యానికి దారి అటే.

ఇక కోటలు. ఈ సందేశంలో నాకు అన్నింటికన్నా బాధ కలిగించిన మాట ఇదే. ఎల్మినా కోటను పోర్చుగీసువాళ్ళు 1482లో కట్టడం మొదలుపెట్టారు, అంటే వాస్కో డ గామా కాలికట్ చేరడానికి పదహారేళ్ళ ముందు. మొదట బంగారం కోసం వచ్చారు, తరువాత మనుషుల్నే సరుకు చేశారు. గోదాములు అన్న మాట నిజమే, నిలవ చేసింది మనుషుల్ని. కేప్ కోస్ట్ కోటలో మగవారి చెరలోకి దిగితే, పైన ఎక్కడో గోడలో చిన్న కన్నం, దాని నుంచి పడే వెలుతురు, అంతే. నేలపై గట్టిపడిన పొర శతాబ్దాల నాటి మనుషుల మలమూత్రాలదని మార్గదర్శి చెప్పినప్పుడు మా గుంపులో ఎవరూ కాలు కదపలేదు. ఆ చెరకు సరిగ్గా పైన ప్రార్థనా మందిరం ఉండేది. సముద్రం వైపు తలుపును 'తిరిగిరాని ద్వారం' అంటారు. 1998లో, బానిసలుగా సముద్రం దాటినవారి సంతతిలో ఇద్దరి అవశేషాలను జమైకా, అమెరికాల నుంచి తెచ్చి ఆ తలుపు గుండానే లోపలికి తీసుకువచ్చారు. అందుకే బయటి వైపు ఇప్పుడు 'తిరిగివచ్చే ద్వారం' అని రాసి ఉంటుంది. దీన్ని చూడనక్కరలేదని రాసినవారు ఆ గడప తొక్కి ఉండరని నా నమ్మకం.

ఇంగ్లీషు అక్కడ అధికార భాష, బడుల్లో చెప్పే భాష. బజారులో ట్వి, గా, డగ్బాని అనే స్థానిక భాషలు వినిపిస్తాయి కానీ పని ఆగదు. భాషకన్నా చెయ్యి ముఖ్యం. ట్రోట్రో అనే చిన్న బస్సులో ఒకసారి ఎడమచేత్తో డబ్బు ఇవ్వబోతే పక్కన కూర్చున్న పెద్దావిడ నా మణికట్టు మెల్లగా కిందికి దించింది. మా అమ్మమ్మ ఉన్నా అదే చేసేది.

తిండి గురించి: వాచే అంటే బొబ్బర్లు, బియ్యం కలిపి, జొన్న ఆకులు వేసి ఎర్రగా వండే అన్నం. రెడ్‌రెడ్ అంటే బొబ్బర్ల కూర, పక్కన వేయించిన పండు అరటి. అల్లం, మిరపకాయ పట్టించి వేయించిన అరటి ముక్కలు కెలెవెలె. శాకాహారి పస్తులుండడు. అయితే కూరల్లో ఎండుచేపల పొడి వేసే అలవాటు ఉంది, షిటో అనే నల్లటి మిరప పచ్చడిలో చేప తప్పకుండా ఉంటుంది. అడిగి తినాలి.

భద్రత విషయంలో పూర్తిగా కొట్టిపారేయను. రద్దీలో ఫోను లాక్కుపోతారు, చౌకగా బంగారం ఇప్పిస్తామని మోసం చేసేవారూ ఉన్నారు. ఈశాన్య మూలన బావ్కు ప్రాంతంలో ఘర్షణలు నిజం, అటు వెళ్ళవద్దు. కానీ 2000, 2008, 2016, 2024 ఎన్నికల్లో ఓడిన పార్టీ శాంతంగా గద్దె దిగిన దేశమది. అక్రాలో రాత్రి పది గంటలకు రోడ్డు పక్కన కెలెవెలె కొనుక్కుని నడిచి ఇంటికి వచ్చిన రోజులు నాకు లెక్కలేదు.

నిజంగా హెచ్చరించాల్సిన విషయం ఆ సందేశంలో లేనే లేదు. పసుపు జ్వరం టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు అక్రాలో దిగగానే అడుగుతారు, తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో ఉంచుతారు. మలేరియా మాత్రల గురించి బయలుదేరే ముందే డాక్టరును అడగండి.