తలుపు మూసి చేసే థెరపీ మనకొద్దు

ఆటిజం ఉన్న పిల్లలకు ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా ఇచ్చే శిక్షణ) చేయిస్తున్న అమ్మానాన్నలందరికీ చెప్తున్నాను. సెషన్‌లో మిమ్మల్ని పక్కన కూర్చోనివ్వని సెంటరుకు డబ్బు కట్టకండి.

మా వాడిని మొదట చేర్పించిన చోట తలుపు వేసేసేవారు. ముప్పావుగంట తర్వాత "ఇవాళ బాగా చేశాడమ్మా" అని పంపేసేవారు. ఏం చేశాడు, ఎందుకు చేయించారు, ఇంట్లో నేనేం చేయాలి? జవాబు ఉండేది కాదు. లోపల ఊయల, ట్రాంపోలిన్, బంతుల తొట్టి అన్నీ ఉన్నాయి. ఇంట్లో మాత్రం బ్రష్ నోట్లో పెడితే వాంతి, మిక్సీ వేస్తే వాడు మంచం కిందే.

ఊయల తప్పని అనను. అమెరికన్ థెరపిస్టు జీన్ ఎయిర్స్ రూపొందించిన సెన్సరీ ఇంటిగ్రేషన్ (శబ్దం, స్పర్శ, కదలిక లాంటివాటిని మెదడు సర్దుకునేలా ఆటలతో సాయం చేసే) పద్ధతిలో దానికి చోటుంది. శబ్దం, స్పర్శ ఈ పిల్లలకు వేరుగా తగులుతాయన్నది నిజం, 2013లో డీఎస్ఎం-5 (ఇలాంటి సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం) కూడా దాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. కానీ ఈ థెరపీ మీద పరిశోధన ఇంకా పరిమితమేనని, ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2012లోనే అంది. ఇక్కడ మనకెవరు చెప్తున్నారు?

తర్వాత దొరికిన మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున లేచాక మీకు ఎక్కడ కష్టమవుతోంది?" టీషర్టు మేమే తొడిగి, చివర్లో కిందికి లాగడం ఒక్కటే వాడికి వదలమన్నారు. అది వచ్చాక చేతులు దూర్చడం, ఆ తర్వాత తల. ఇలా వెనక నుంచి నేర్పితే పని పూర్తి చేసేది ప్రతిసారీ వాడే. ఆ ముఖంలో వెలుగు చూడాలి! నురగ రాని, ఘాటు లేని పేస్టు తెమ్మన్నారు. మిక్సీ వేసే ముందు చెప్పి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టమన్నారు. "అలవాటైపోతుంది" అని చుట్టాలు భయపెట్టారు. చూపు ఆనని పిల్లాడికి కళ్లజోడు వద్దంటామా?

చేతులు ఆడించడం మాన్పించడమే లక్ష్యమని రాసిన ఫైళ్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది వాడు తనను తాను కుదుటపరచుకునే దారి. ఎవరికీ దెబ్బ తగలనప్పుడు ఎందుకు ఆపాలి?

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్రం నడిపే ఎన్ఐఈపీఐడీ సంస్థలోనో, పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే మీ జిల్లా ప్రభుత్వ కేంద్రం డీఈఐసీలోనో అడగండి. ఆటిజం లాంటి వైకల్యాలున్నవారి కోసం పనిచేసే కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏటా లక్ష రూపాయల వరకు ఉంటుంది, అందులో థెరపీకీ కొంత ఇస్తారు. ఎక్కడికి వెళ్లినా, రెండు మూడు నెలల్లో ఇంట్లో ఏ పని మారాలో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే వేరే చోటు వెతకండి.