గణిత శిబిరం ఎంపికలో తండ్రి బాధ్యత

హైస్కూలు పిల్లకు వేసవి గణిత శిబిరం ఎంచడమనేది పిల్లకు వదిలేయదగిన పని కాదు. ఆ వయసు వాళ్లకు గణితం తప్ప మరేమీ తెలియదు. ఎంపికకు కావలసింది ముందుచూపు, బేరీజు వేసే నేర్పు, పక్కవాళ్ల పిల్లలు ఎక్కడికి వెళుతున్నారన్న తాజా సమాచారం. ఈ మూడూ తండ్రి దగ్గరే ఉంటాయి.

ఈ రంగంలో నాకు మూడు నెలల అనుభవం ఉంది. మా అమ్మాయికి పదహారేళ్లు. లెక్కలంటే ఇష్టం. ఆ ఇష్టాన్ని సకాలంలో ఒక దారిలో పెట్టకపోతే అది ఇష్టంగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది కనుక నేను నడుం బిగించాను.

ముందుగా కంప్యూటర్‌లో ఒక పట్టిక తయారుచేశాను. పద్నాలుగు నిలువు వరసలు. అన్నిటికంటే ముఖ్యమైన వరస, దరఖాస్తు చేసిన వారిలో ఎంతమందిని తిప్పి పంపుతారన్నది. ఎంత ఎక్కువమందిని తిప్పి పంపితే అంత మంచి శిబిరం. ఈ సూత్రాన్ని చివరిదాకా లాగితే ఎవరినీ చేర్చుకోని శిబిరం అన్నిటిలోకీ ఉత్తమమని తేలుతుంది. అలాంటిది ఇంతవరకు దొరకలేదు, వెతుకుతూనే ఉన్నాను. మా ఆవిడ పట్టుబట్టి పదిహేనో వరస చేర్పించింది: ‘అమ్మాయి ఇష్టం’. తెర మీద చోటు చాలక అది కుడివైపు ఎక్కడికో జరిగిపోయింది. అచ్చు తీస్తే రెండో కాగితం మీద ఒంటరిగా వచ్చింది, శీర్షిక తప్ప కింద అంతా తెలుపే.

పరిశోధన అమెరికాలోని రాస్ శిబిరంతో మొదలైంది. ఆర్నాల్డ్ రాస్ అనే గణితాచార్యుడు 1957లో నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో ప్రారంభించి, 1964లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి తరలించాడు. ఇంత చరిత్ర ఉన్న సంస్థ నినాదంలో కనీసం విజయం అనే మాటైనా ఉండాలి కదా. వీళ్ల నినాదం ‘తేలిక విషయాలను లోతుగా ఆలోచించండి’ అని. మనం ఇన్నేళ్లుగా లోతైన విషయాలను తేలికచేసి బట్టీ పట్టిస్తున్నాం, మార్కులు కూడా బాగానే వస్తున్నాయి. మధ్యలో ఈ తిరకాసు ఎందుకో అర్థం కాలేదు.

6 వారాల శిబిరం. రెండేళ్ల తర్వాతి పాఠాలు ముందే చెప్పించి పంపుతారని ఆశపడ్డాను. చెప్పేది సంఖ్యా సిద్ధాంతమట. అంటే 1, 2, 3. ఈ తరహా చోట్ల పూర్ణాంకాల స్వీకృతాలు, అంటే నిరూపణ అడగకుండా ఒప్పుకోవలసిన మాటలు, నాలుగు చేతికిచ్చి, మిగతాదంతా మీరే నిరూపించుకోండి అంటారు. ఉదాహరణకు, సున్నా కంటే ఒకటి పెద్దదని. ఈ సంగతి మా అమ్మాయికి మూడో ఏటనే చెప్పి ఉంచాను, అదీ ఉచితంగా.

“పెద్దదని నీకు ఎలా తెలుసు నాన్నా?” అని అడిగింది.

“కనిపిస్తూనే ఉందిగా.”

“స్వీకృతాల్లో కనిపించదు” అంటూ కాగితం తీసింది. ఒకటి, సున్నా వేరువేరని తెలుసు. ఒకవేళ ఒకటి సున్నా కంటే చిన్నదనుకుందాం. అప్పుడు మైనస్ ఒకటి ధన సంఖ్య అవుతుంది. ధన సంఖ్యను ధన సంఖ్యతో గుణిస్తే వచ్చేది ధన సంఖ్యే. మైనస్ ఒకటిని మైనస్ ఒకటితో గుణిస్తే ఒకటి. అంటే ఒకటి ధన సంఖ్య. చిన్నదనుకుంటే పెద్దదని తేలింది, కాబట్టి అనుకున్నది తప్పు. “అయితే మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందో కూడా ముందే నిరూపించి పెట్టుకోవాలి. దానికి ఇంకో కాగితం కావాలి” అంది, ఎంతో సంతోషంగా.

నలభై ఏళ్లుగా ఏ అనుమానమూ లేకుండా వాడుకుంటున్న సూత్రం అది. ఆ రాత్రి మంచం మీద పడుకుని మైనస్‌ల గురించి ఆలోచించాను. తెలిసినదాన్ని తెలియకుండా చేయడానికి ఫీజు వసూలు చేసే వ్యాపారం నాకు ఇదే మొదటిసారి ఎదురుకావడం. ఇది ఒక్కచోటికే పరిమితమై ఉంటే సరిపోయేది. రాస్ దగ్గర తర్ఫీదు పొందినవాళ్లు 1989లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో ప్రామిస్ అని మరొకటి తెరిచారు. అక్కడా 6 వారాలే, అక్కడా 1, 2, 3లే.

హాంప్‌షైర్ కాలేజీలో 1971లో మొదలైన శిబిరం గురించి చదివినప్పుడైతే పట్టికనే మూసేయాలనిపించింది. వాళ్లకు 17 అనే సంఖ్య అంటే ప్రాణం. దానికి తోడు పసుపు రంగు పంది. జూలై 17న ఆ పంది పేరిట పండగ చేసుకుంటారు. దీన్ని ఏ వరసలో నమోదు చేయాలి? 17లో అంత ఏముందని అమ్మాయిని అడిగితే గౌస్ అనే గణితవేత్త పేరు చెప్పింది. ఆయన 1796లో, ఇంకా పందొమ్మిది నిండకముందే, వృత్తలేఖిని, గీతలబద్ద మాత్రమే వాడి 17 సమాన భుజాల బహుభుజిని గీయవచ్చని నిరూపించాడట. కావచ్చు. ఆ కుర్రాడి దగ్గర ఒక్క శిబిరం సర్టిఫికెట్టూ లేదు. ఈ రోజుల్లో అయితే మొదటి వడపోతలోనే పోయేవాడు.

మ్యాథ్‌క్యాంప్ అని ఇంకొకటి ఉంది. 1993 నుంచి నడుస్తోంది, 5 వారాలు. పరీక్షలు ఉండవు, మార్కులు ఉండవు, ఏ పాఠానికి వెళ్లాలో పిల్లలే నిర్ణయించుకుంటారు. ర్యాంకులు ఎలా ఇస్తారో చెప్పే పేజీ కోసం చాలాసేపు వెతికాను. ఫీజు కట్టలేని కుటుంబాలకు సాయం చేస్తామన్న పేజీ దొరికింది కానీ ర్యాంకుల పేజీ దొరకలేదు. ప్రవేశానికి మాత్రం కొన్ని సమస్యలు ఇచ్చి ఇంటి దగ్గరే వారాల తరబడి ఆలోచించుకోమంటారు. అన్నీ చేయనక్కర్లేదు, సగం వరకు వచ్చినవీ పంపవచ్చు. సగం జవాబును జవాబుగా స్వీకరించే సంస్థను నేను ఇంతవరకు చూడలేదు. పుస్తకాలు తిరగేయవచ్చు కానీ మరో మనిషి సాయం మాత్రం తీసుకోకూడదు. ఈ నిబంధనలో తండ్రి మనిషి కిందికి వస్తాడా రాడా అన్న విషయంలో న్యాయ సలహా తీసుకుందామనుకున్నాను. మా ఆవిడ వద్దంది.

నా మనసుకు నచ్చిన రకం వేరే ఉంది. నున్నటి కాగితం మీద రంగుల కరపత్రం. పేరుమోసిన విశ్వవిద్యాలయం ఆవరణలో జరుగుతుంది. పరీక్ష లేదు, సమస్యలు లేవు, బ్యాంకు కార్డు ఉంటే చాలు. ఆ విశ్వవిద్యాలయం గదులు అద్దెకిస్తుంది, వ్యవహారంలో దాని పాత్ర అంతవరకే. కానీ సర్టిఫికెట్ మీద చిరునామా పెద్ద అక్షరాలతో అచ్చవుతుంది. నా పద్నాలుగు వరసల్లో పదమూడింటికి దీనికే పూర్తి మార్కులు వచ్చాయి. తిప్పి పంపే వరసలో మాత్రం సున్నా. డబ్బు పంపినవాళ్లను వీళ్లు ఒక్కరినీ తిప్పి పంపరు.

ఈ తీర్పు వినిపించడానికి రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి గదికి వెళ్లాను. నా పట్టిక రెండో కాగితం బల్ల మీద ఉంది. ‘అమ్మాయి ఇష్టం’ అన్న శీర్షిక కింద తెల్లటి జాగా అంతా వృత్తాలతో నిండిపోయింది. వృత్తం మీద కొన్ని చుక్కలు, ప్రతి చుక్క నుంచి మిగతా అన్ని చుక్కలకూ గీతలు, లోపల ఎన్ని ముక్కలయ్యాయో పక్కన అంకె. ఒక చుక్కకు 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. ఆరు చుక్కల వృత్తం పక్కన ఇంకా ఏమీ రాయలేదు.

“32” అన్నాను. నాకు అయిదు సెకన్లు కూడా పట్టలేదు.

“31” అంది తల ఎత్తకుండా.

లెక్క తప్పిందేమో మళ్లీ చూడమన్నాను. నన్నే చూడమంది. పిల్ల గీసిన వంకర గీతల్ని నమ్మేదేమిటని నా గదికి వచ్చి, పాత వృత్తలేఖిని వెతికి తీసి, ఆరు చుక్కలూ సమాన దూరంలో పెట్టి, బద్దతో శుభ్రంగా గీశాను. ముక్కలకు ఒక్కొక్కటిగా అంకెలు వేశాను. 30 వచ్చింది. ఇంకోసారి లెక్కపెట్టినా 30 వచ్చింది. కాగితం పట్టుకుని వెళ్లి ఆమె ముందు పెట్టాను.

కాసేపు చూసి నవ్వింది. “మరీ అందంగా గీశావు నాన్నా. పొడవు గీతలు మూడూ నడిమధ్య ఒకే చోట కలిశాయి చూడు. అక్కడ రావలసిన చిన్న ముక్క లేకుండా పోయింది. చుక్కలు కాస్త అటూ ఇటూగా పెట్టు.”

“అసలు సూత్రం ఏమిటి?”

“చెప్పను.”

“నీకు తెలుసా?”

“సగం తెలుసు.”

శిబిరం మాట ఎత్తడం మరిచిపోయి తిరిగి వచ్చాను. ఒంటిగంట దాటాక కూడా ఏడు చుక్కలతో, కావాలని వంకరగా గీస్తూ కూర్చున్నాను. ఒకసారి 57 వచ్చింది, ఇంకోసారి 56. శిబిరాల వయసు పరిమితి పట్టికలో నాలుగో వరసలో ఉంది. మ్యాథ్‌క్యాంప్‌కు 13 నుంచి 18 ఏళ్లు. ఎందుకైనా మంచిదని మిగతావి కూడా చూశాను.