షామన్ గారూ, నాకు గేదె కనబడింది

షామన్ అనే మాట గారికి డబ్లిన్ నుంచి నమస్కారం.

మీతో నాకు పాత పగలేమీ లేవు. పోయిన నెల దాకా మీరెవరో సరిగ్గా తెలియను కూడా తెలియదు. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఒక లింకు పంపింది, "ప్రాచీన కెల్టిక్ షామనిజం, రెండు రోజులు, భోజనంతో సహా" అని. కెల్టులంటే ఐర్లండు, వేల్స్ లాంటి చోట్ల ఉన్న పాతకాలపు జనం, షామన్ అంటే పూనకంలోకి పోయి ఆత్మలతో మాట్లాడే మనిషి అట. ఆ భోజనం దగ్గరే పడిపోయి 180 యూరోలు కట్టేశాను. (మా ఇంట్లో ఈ అంకె ఇంకా తెలియదు, మీ కడుపులోనే ఉంచుకోండి.)

విక్లో కొండల దగ్గర ఒక పాత కొట్టం. 14 మందిమి, తలా ఒక యోగా మ్యాట్. కాలిఫోర్నియా నుంచి తెప్పించిన సేజ్ ఆకు పొగ, బ్లూటూత్ స్పీకర్లోంచి డప్పు. గోడ మీద కొమ్ములాయన పోస్టరు ఒకటి, బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక చేత్తో పాముని పట్టుకుని ఉంటాడే, ఆయన. "మన కెల్టిక్ షామన్" అన్నారు ఆ క్లాసు నడిపే మేడం. ఆ బొమ్మ ఉన్న వెండి గంగాళం 1891లో దొరికింది డెన్మార్కు బురదనేలలో, దాన్ని చేసింది బాల్కన్ల వైపు కంసాలులని చాలామంది పండితులు అంటారు, బొమ్మ కింద పేరు కూడా లేదు. కానీ పేరు లేనివాళ్ళకి మీరు పేరు పెట్టేస్తారు కదా, అదే మీ వృత్తి.

కళ్ళు మూసుకుని భూమిలో ఒక బిలంలోకి దిగండి, మొదట ఎదురైన జంతువే మీ పవర్ యానిమల్ అన్నారు. దిగాం. పైకొచ్చాక లెక్క చూస్తే ఆరు తోడేళ్ళు, నాలుగు గద్దలు, ఒక ఎలుగుబంటి. ఐర్లండులో తోడేళ్ళు అంతరించి రెండొందల ఏళ్ళు దాటింది, అన్నీ ఆ బిలంలోనే దాక్కున్నాయి కాబోలు. నా వంతు వచ్చింది. నాకు గేదె కనబడింది. ఒంటినిండా బురద, ఎడమ చెవి కొసన చిన్న చీలిక, అచ్చం మా పెదనాన్న వాళ్ళ గేదె. మేడం ఒక క్షణం ఆలోచించి "కొమ్ములున్నాయా?" అన్నారు. ఉన్నాయన్నాను. "అయితే దుప్పి అయ్యుంటుంది" అని ఫారంలో రాసేసుకున్నారు. నేను కాదంటూనే ఉన్నాను, డప్పు మళ్ళీ మొదలైంది.

ఆ కోపంతో ఇంటికొచ్చి అసలు ఈ దేశం పాత కథల్లో ఏముందో చదవడం మొదలుపెట్టాను, అక్కడ దొరికారు మీరు.

మీరు పుట్టింది సైబీరియాలో, ఎవెంకీల నోట. రెయిన్‌డీర్లు మేపుకునే ఆ మనుషులు తమలో ఒక రకం పెద్దని పిలుచుకునే పిలుపు మీరు. రష్యన్ల నోట పడి పడమరకి వచ్చారు. మా శ్రమణుడికి మీరు దూరపు చుట్టమని కొందరు పండితులు అంటారు, ఇంకొందరు కొట్టిపారేస్తారు. చుట్టరికం నిజమే అయితే మావాళ్ళు భిక్షాపాత్రతో తిరిగారు గానీ ముందే ఆన్‌లైన్లో కట్టమనలేదని గుర్తు చేస్తున్నాను. 1951లో మిర్చా ఎలియాడే అనే మతచరిత్ర పండితుడు ఎక్కడెక్కడి పూనకాల్నీ మీ గొడుగు కిందికి తోలాడు. 1980లో మైకేల్ హార్నర్ అనే అమెరికన్ ఊరితో, తెగతో, వాళ్ళ దేవుడితో పని లేకుండా ఎవరైనా డప్పు వింటూ చేసుకునేలా మిమ్మల్ని కుదించి పెట్టాడు. ఇన్‌స్టంట్ కాఫీ పొడి అయిపోయారు, ఏ ఊరి నీళ్ళలోనైనా కలుస్తారు.

మరి ఇక్కడి, అంటే ఐర్లండు నీళ్ళ సంగతి చెప్పనా? 908లో యుద్ధంలో చనిపోయిన కోర్మక్ అని ఒకాయన, రాజూ ఆయనే బిషప్పూ ఆయనే, ఆయన పేరు మీద ఒక పాత నిఘంటువు ఉంది. కవికి తెలియనిది తెలియాలంటే ఏం చేయాలో అందులో రాసి ఉంది. పందిదో, కుక్కదో, పిల్లిదో పచ్చిమాంసం ముక్క నమిలి, తలుపు వెనక బండ మీద పెట్టి, దాని మీద మంత్రం చదివి, విగ్రహాలకి నైవేద్యం పెట్టి, రెండు అరచేతులూ చెంపలకి ఆనించుకుని పడుకోవాలి. ఎవరూ కదపకుండా పక్కన కాపలా. మాకు పెట్టిన భోజనం ఏమిటో తెలుసా? కీన్వా సలాడ్, ఓట్ మిల్క్ టీ.

రాజు ఎవరో తేలకపోతే ఇంకో పద్ధతి. తెల్ల ఎద్దుని కోసి, ఒకడు ఆ మాంసం కడుపునిండా తిని, ఉడికిన నీళ్ళు కూడా తాగి పడుకుంటాడు, వాడి మీద మంత్రం చదువుతారు, కలలో వచ్చినవాడే ఐర్లండు పెద్దరాజుల పీఠమైన తారాకి రాజు. వేల్స్‌లో అయితే 12వ శతాబ్దం చివర జెరాల్డ్ అనే మతాధికారి కొందరి గురించి రాశాడు. ప్రశ్న అడిగితే గట్టిగా అరుస్తారు, ఒంటి మీద తెలివి ఉండదు, జవాబు డొంకతిరుగుడుగా వస్తుంది, చివరికి పట్టుకుని ఊపితే గానీ లేవరు, లేచాక ఏం చెప్పారో గుర్తుండదు. సికింద్రాబాద్ మహంకాళి గుళ్ళో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పడం చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ళని అవెనిధ్యొన్ అనేవాళ్ళు. నోరు తిరగదు, ఒప్పుకుంటాను, కానీ మీరొచ్చి ఆ పేరు మీద కూర్చున్నారు.

న్యాయంగా మాట్లాడాలంటే ఒక్క చోట నేనూ మీ పక్షమే. లిమరిక్ కౌంటీలో నాక్‌లాంగ్ ముట్టడి కథలో మోగ్ రూయిథ్ అనే గుడ్డి డ్రూయిడ్ (కెల్టుల పూజారి, మంత్రగాడు) కొమ్ముల్లేని ఎద్దు తోలు కప్పుకుని, రెక్కలున్న పిట్ట తలపాగా పెట్టుకుని, మంటతో పాటు గాల్లోకి లేస్తాడు. ఆయన్ని ఎవెంకీలకి చూపిస్తే "మావాడే" అంటారేమో. కానీ ఆ ఒక్కడి పేరు చెప్పుకుని ఊరందరినీ రాసుకుంటే ఎలా? శాపం తగిలి పిచ్చెక్కి, ఒంటికి ఈకలొచ్చి, చెట్టు మీంచి చెట్టు మీదికి గెంతుతూ నీటి ఆకుకూర తిని బతికిన, పాత ఐరిష్ కథలోని స్వీనీ రాజుని కూడా "షామన్ దీక్ష" కింద వేశారు మా మేడం. చలికి వణుకుతూ ఏడ్చేవాడండీ ఆయన, ఏ దీక్షా పట్టలేదు.

ఇక గేదె సంగతి. ఇక్కడి పాత కథలో మేవ్ అనే రాణి, ఉత్తరాన ఉన్న అల్స్టర్ రాజ్యం మీదికి దండెత్తింది ఒక్క గోధుమరంగు ఎద్దు కోసం. మొగుడి మందలో తెల్లకొమ్ముల ఎద్దు ఉండి తన మందలో దానికి జోడు లేకపోవడమే కారణం. ఆ రెండు ఎద్దులూ అంతకుముందు పందులు కాసుకునే ఇద్దరు మనుషులు. ఒకరి మీద ఒకరికి పడక పక్షులై కొట్టుకున్నారు, నీటి జంతువులై కొట్టుకున్నారు, చివరికి పురుగులై నీళ్ళలో పడితే రెండు ఆవులు తాగేశాయి, అలా ఎద్దులుగా పుట్టారు. ఆ కొట్టంలో ఒక్కరికైనా పురుగు కనబడిందా? మురికి పశువుని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, నన్నే మీరు దిద్దించారు.

డబ్బు వెనక్కి అడగను. ఆ ఫారంలో దుప్పి కొట్టేయించి గేదె అని రాయించండి. ఎడమ చెవికి చీలిక ఉందని కూడా.

ఇట్లు,
విక్లో బిలంలోంచి ఇప్పుడే పైకొచ్చినవాడు