పుస్తకాల షాపులో రెండు వందల రూపాయల లెక్క

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ రోజు బడికి వెళ్లే పిల్లవాడు తన చేత్తో డబ్బిచ్చి ఒక నోట్‌బుక్కు కొనాల్సిన అవసరం దాదాపు లేకుండా పోయింది. ప్రైవేటు పాఠశాలల్లో చాలాచోట్ల తల్లిదండ్రులు జూన్‌లో బడి కౌంటర్లోనే డబ్బు కట్టి, పేరు రాసి ఉంచిన కట్టను బండి మీద పెట్టుకుని ఇంటికి తెస్తారు. ప్రభుత్వ పాఠశాలల్లో నోట్‌బుక్కులు, సంచి వంటివి ఉండే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్టు బడికే చేరుతుంది. పేద కుటుంబానికి ఆ కిట్టు ఎంత ఊరటో చూసినవాణ్ణి కనుక దాన్ని తప్పుపట్టను. అయితే రెండు చోట్లా పిల్లవాడికి దక్కకుండా పోతున్నది ఒకటే: పది రకాలు ముందు పెట్టుకుని, జేబులో ఎంతుందో చూసుకుని, ఒకటి తీసుకుని తొమ్మిదింటిని వదిలేసే పని.

6-8 తరగతుల మధ్య పిల్లలకు 10 రోజుల పాటు సంచి లేని చదువు ఉండాలని, ఆ రోజుల్లో వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి వారి దగ్గర పని చూసి నేర్చుకోవాలని జాతీయ విద్యా విధానం-2020 చెప్పింది. ఆ పది రోజుల్లో ఒకటి పుస్తకాల షాపుకు కేటాయించాలని నా వాదన.

ఈమధ్య ఒక పల్లె బడి పిల్లలతో కలిసి నెల్లూరు ట్రంకు రోడ్డుకు వెళ్లాను. తలకు రెండు వందలు. లెక్క బస్సులోనే మొదలైంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం కావడంతో వాళ్లు జీరో టికెట్టు చేతబట్టుకుని కూర్చున్నారు. టికెట్టు కొన్న మగపిల్లలు మాత్రం ఇదేం న్యాయమని పంతులుగారితో వాదనకు దిగారు. ఆయన తీర్పు చెప్పలేదు. మిగిలిన డబ్బుతో ఎవరెలా సర్దుకుంటారో చూద్దామన్నారు.

షాపులో ఒక ఏడో తరగతి పిల్లవాడి ముందు రెండు నోట్‌బుక్కులు ఉన్నాయి. ఒకటి 172 పేజీలు, 60 రూపాయలు. రెండోది 140 పేజీలు, 45 రూపాయలు. పెద్దదే లాభమని మొదట దాన్ని పట్టుకున్నాడు. అరచేతి మీద పెన్నుతో భాగహారం చేశాక మొదటిదాంట్లో పేజీకి 35 పైసలు, రెండోదాంట్లో 32 పైసలు అని తేలింది. అప్పుడు చిన్నదాన్ని తీసి, ఒక కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. అవతలి గీతలు ఇవతలికి కనిపిస్తున్నాయి. రెండు వైపులా రాస్తే చదవడం కష్టమని మళ్లీ పెద్దదే ఎంచుకున్నాడు. మొదట పట్టుకున్న పుస్తకమే చివరికీ కొన్నాడు గదా అనిపించవచ్చు. కానీ అప్పుడు అట్ట చూసి పట్టుకున్నాడు, ఇప్పుడు కారణం తెలిసి కొన్నాడు. భాగహారం వాడికి మూడేళ్ల నుంచీ వచ్చు. అది వాడికి పనికొచ్చింది మాత్రం ఆ పది నిమిషాల్లోనే.

చిల్లర దగ్గర ఇంకో పాఠం జరిగింది. "ఐదు రూపాయలు లేవు నాయనా, చాక్లెట్ తీసుకో" అన్నారు షాపాయన. "చిల్లరే ఇయ్యన్నా" అని ఒక అమ్మాయి నిలబడిపోయింది. ఆయన నవ్వి, సొరుగంతా వెతికి ఇచ్చారు. మర్యాద తప్పకుండా తనకు రావలసింది అడగడం మన బళ్లలో ఏ సబ్జెక్టులోనూ లేదు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయని, దానికి మించి అడగకూడదని ఆ కౌంటర్ దగ్గర చెబితే పిల్లలకు గుర్తుంటుంది. పది రూపాయల నాణేలు ఏ డిజైనులో ఉన్నా చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే స్పష్టం చేసిన సంగతీ అంతే. పన్నుల పాఠానికీ అంతకంటే మంచి చోటు దొరకదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోట్‌బుక్కు, పెన్సిలు, రబ్బరు మీద జీఎస్టీ సున్నా. జామెట్రీ బాక్సు మీద 5 శాతం. పెన్ను మీద మాత్రం 18. పెన్ను చేసిన తప్పేమిటని ఒక పిల్లవాడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇలాంటి ప్రయాణం చెడిపోయేది పెద్దవాళ్ల వల్లే. ఏం కొనాలో జాబితా రాసిచ్చి, డబ్బు టీచరే ఫోన్లో కట్టేసి, షాపు ముందు వరుసలో నిలబెట్టి ఫొటో తీస్తే అది కిట్టు పంపిణీకి ఇంకో రూపమే అవుతుంది. పిల్లల చేతిలో నోట్లు, నాణేలే ఉండాలి. తప్పు కొనే స్వేచ్ఛా ఉండాలి. మెరుపుల పెన్నుకు ఎనభై రూపాయలు తగలేసిన పిల్లవాణ్ణి అక్కడ మందలించకుండా ఊరుకోవడం టీచరుకు కష్టమే, కానీ ఇంటికెళ్లాక వాడు వేసుకునే లెక్క వాడిదే కావాలి.

మండలాల్లోని భవిత కేంద్రాలకు వచ్చే ప్రత్యేక అవసరాల పిల్లలకు ఇది మరింత అవసరం. వారికి ఒకే వస్తువు, ఒకే నోటు చాలు. వరుసలో ఆగడం, అడగడం, చిల్లర తీసుకుని లెక్కపెట్టుకోవడం. నాలుగైదు సార్లు అదే షాపుకు తీసుకెళ్తే షాపాయన కూడా వాళ్ల పద్ధతికి అలవాటుపడతారు. వాళ్ల పక్కనున్న అమ్మనో, టీచరునో కాకుండా నేరుగా వాళ్లనే "ఏం కావాలి నాయనా" అని అడగడం ఆయన నేర్చుకోవలసిన పాఠం.

డబ్బు ఎవరివ్వాలన్నది అసలు చిక్కు. ఇంటి నుంచి తెమ్మంటే లేనివాడు ఆ రోజు బడికే రాడు. సమగ్ర శిక్షా పథకం కింద బడి గ్రంథాలయాలకు నిధులున్నాయి. అందులో చిన్న భాగాన్నయినా పిల్లల చేతుల మీదుగా, దగ్గరి షాపులో ఖర్చుపెట్టనిచ్చి, ఆ షాపు బిల్లును ఆడిట్‌లో అంగీకరిస్తే చాలు. పిల్లలు ఎంచిన పుస్తకాలు పిల్లల పేరన బడికి చేరతాయి. కొన్న జాబితా కింద ఆరో తరగతి పిల్లల సంతకాలుంటే, ఆ పుస్తకాల బీరువా తాళంచెవి హెడ్మాస్టరు బల్ల సొరుగులో ఏడాదంతా పడి ఉండటం అంత తేలిక కాదు.