శుభ్రమైన సూది ఇవ్వడం తప్పెలా అవుతుంది?

మత్తుమందు ఎక్కించుకునేవారికి కొత్త సిరంజీలు ఇవ్వడమంటే వ్యసనాన్ని పెంచి పోషించడమేనన్న ఈ వ్యాసకర్త వాదనతో నేను ఏకీభవించలేను. చిత్తూరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని గనుక, వాడిన సిరంజీ గొట్టం ఖాళీగానే కనిపించినా సూది మొదట్లో సన్నని ఎర్రటి చార మిగిలి ఉండటం ఎన్నోసార్లు చూశాను. ఆ కాస్త రక్తంలోనే హెచ్‌ఐవీ, హెపటైటిస్‌ సి వైరస్‌లు రోజుల తరబడి బతికి ఉండగలవు.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, స్కాట్‌ కౌంటీ అనే చిన్న ప్రాంతంలో 2015లో బయటపడిన వ్యాప్తిలో, ఒకరి సూది మరొకరు వాడటం వల్లనే 200 మందికి పైగా హెచ్‌ఐవీ సోకగా, వాడిన సూదులు తీసుకుని కొత్తవి ఇచ్చే, అంతవరకు నిషేధించిన సూదుల మార్పిడిని అక్కడి ప్రభుత్వం అనుమతించక తప్పలేదు. మన దేశంలో 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్‌ చట్టం ప్రకారం కూడా ఇది నేరం కాదు. నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్‌ మాత్రతో సూది అవసరమే తప్పించే చికిత్స, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఉచిత ఏఆర్‌టీ మందులు ఉన్నాయి.

“రిపోర్టు ఇంటికి పంపొద్దు సార్‌, మా అమ్మకు తెలియకూడదు” అని ఒక కుర్రవాడు నా బల్ల ముందు నిలబడి వేడుకున్నాడు. అటువంటివారు భయంతో పరీక్షకే రాకుండా పోతారేమోనన్నదే నా బాధ. జాతీయ ఎయిడ్స్‌ హెల్ప్‌లైన్‌ 1097కు ఫోన్‌ చేస్తే ఉచితంగా, గోప్యంగా సలహా దొరుకుతుందన్న ఒక్క వాక్యమైనా ఈ వ్యాసంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.