గ్రంథరాజం గారూ, ఆ తొమ్మిదో అధ్యాయం సంగతేంటి?

మహారాజశ్రీ ఆర్గనైజేషన్ థియరీ (సంస్థలు ఎలా నడుస్తాయో చెప్పే శాస్త్రం) పాఠ్యపుస్తకం గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. కుశలంగా ఉన్నది మీరొక్కరే. మీ అట్ట మీద గీత లేదు, వెన్ను మీద ముడత లేదు. ముడత పడాలంటే ఎవరో ఒకరు తెరవాలిగా. నిన్న నేను తెరిచాను. అందుకే ఈ ఉత్తరం.

సెమినార్‌కి నా వాటాకొచ్చిన టాపిక్ లూజ్ కప్లింగ్. గంటలో తేలిపోతుందనుకుని మధ్యాహ్నం మీ ముందు కూర్చున్నాను. విషయసూచిక మూడో అధ్యాయానికి పొమ్మంది. పోయాను. "ఈ భావనను తొమ్మిదో అధ్యాయంలో విపులంగా పరిశీలిస్తాం" అని సెలవిచ్చారు. తొమ్మిదికి పోయాను. "మూడో అధ్యాయంలో ఇదివరకే చర్చించినట్టు" అని ఎత్తుకుని, ఆ చర్చ నిజంగానే జరిగిపోయినట్టు హాయిగా ముందుకెళ్లిపోయారు. మధ్యలో పేజీలు గాని అతుక్కుపోయాయా అని విడదీసి చూశాను. లేదు. మళ్లీ మూడుకొస్తే అడుగున ఒక ఫుట్‌నోట్ కనబడింది. ఆరో అధ్యాయం చివరి పట్టిక చూడమంది. పట్టికలో ఒక గడిలో 'లూజ్', పక్క గడిలో 'టైట్' అని ఉంది. అంతే. అప్పటికి బయట చీకటి పడింది.

ఇదే మర్యాద ఏ ఆఫీసులోనైనా జరిగితే 'ఈ కౌంటర్ కాదు, ఆ కౌంటర్' అన్న గుమస్తాని తిట్టుకుని ఇంటికొచ్చేస్తాం. ఆ గుమస్తా ఎందుకలా తయారవుతాడో మీ నాలుగో అధ్యాయంలోనే ఉంది. సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1940లో చెప్పిన మాట: నియమం ఒక పని కోసం పుడుతుంది, పోనుపోను పని మరుగున పడి నియమం పాటించడమే పనైపోతుంది. బ్యూరోక్రసీ గురించి చెప్పండి మహాప్రభో అంటే తమరు ఏకంగా ఒక బ్యూరోక్రసీ నడుపుతున్నారు.

పైగా ముందుమాటలో ఆ వాగ్దానం ఒకటి. ఈ రంగంతో ముందస్తు పరిచయం లేనివారిని దృష్టిలో పెట్టుకుని రాశారట. ఎంత దూరం నుంచి దృష్టిలో పెట్టుకున్నారో తెలియదు. రెండో పేజీలోనే ఒక వాక్యం ఎనిమిదో పంక్తిలో ఊపిరి పీల్చుకుంటుంది. బ్యూరోక్రసీ సిద్ధాంతానికి మూలపురుషుడు మాక్స్ వెబర్ వాక్యాలు కూడా పొడుగే, ఒప్పుకుంటాను. ఆయన జర్మన్‌లో రాశాడు, పెద్ద పుస్తకం పూర్తిచేయకుండానే 1920లో పోయాడు, కాబట్టి ఆయన్ని ఏమీ అనలేం. మీరు ఎడిషన్ మీద ఎడిషన్ దిగుతున్నారు కదా, మీకేం సాకు ఉంది? ఎడిషన్ మారినప్పుడల్లా పేజీ నంబర్లు మారి సీనియర్ల నోట్స్ పనికిరాకుండా పోతాయి గాని, ఆ వాక్యం మాత్రం చెక్కుచెదరదు. సంస్థ ఒకసారి కుదురుకున్నాక దాని తీరు ఓ పట్టాన మారకపోవడాన్ని నిర్మాణ జడత్వం అంటారని హన్నన్, ఫ్రీమన్ అనే పరిశోధకుల పేరు చెప్పి మాకు నేర్పింది మీరే.

మనిషి బుర్రకి ఒక హద్దుంటుందని, ఉన్న సమాచారం మొత్తం తూచి నిర్ణయం తీసుకోలేడని, 'ఇది చాల్లే' అనిపించిన చోట ఆగిపోతాడని హెర్బర్ట్ సైమన్ చెప్పాడు. 1978లో ఆయనకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ సంగతి మీకు తెలుసు, సగం పేజీ రాశారు కూడా. తెలిసి కూడా, అదే బుర్రలున్న మా మీదికి ఆ సగం పేజీని ఒకే పేరాగా వదిలారు. మేం మాత్రం సైమన్ మాట జవదాటలేదు. పాస్ మార్కుల దగ్గర ఆగిపోతున్నాం.

మీ గురించి క్లాసులో ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని మీకు ఉండకపోవచ్చు. అయినా చెప్తాను. 'మహా గొప్ప పుస్తకం, మళ్లీ మళ్లీ చదవాలి' అన్నవాడి కాపీకి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. ఇంకొకతను ప్రతి అధ్యాయంలో సారాంశం మాత్రమే చదువుతాడు. సారాంశానికి సారాంశం కావాలంటాడు, అది వేరే విషయం. మొదటి నుంచి చివరిదాకా నిజంగా చదివింది ఒక్క అమ్మాయి. ఆమెకి మీరంటే ఇష్టం కూడానట. ఎలా సాధ్యమని అడిగితే, రెండోసారి చదివినప్పటి నుంచి అర్థమవుతుందని చెప్పింది. మొదటిసారి దేనికి మరి? ప్రొఫెసర్లకు మాత్రం మీరు ప్రాణం. వాళ్లకి ఇవన్నీ ముందే తెలుసు కాబట్టి మీలో వెతుక్కోవలసిన పని లేదు.

సరే, అసలు మంట ఇక్కడ.

రాత్రి విసుగొచ్చి మిమ్మల్ని పక్కన పెట్టి, లూజ్ కప్లింగ్ మీద 1976లో కార్ల్ వీక్ అనే పండితుడు స్వయంగా రాసిన వ్యాసం తీశాను. శిష్యుడే ఇంత కష్టంగా ఉంటే గురువు ఇంకెలా ఉంటాడోనని భయపడుతూనే తీశాను. మొదటి పేజీలో ఒక ఫుట్‌బాల్ ఆట ఉంది. జేమ్స్ మార్చ్ అనే ఇంకో సంస్థల పండితుడి నుంచి తెచ్చుకున్న ఊహ అది. మైదానం గుండ్రంగా, ఏటవాలుగా ఉంటుంది. గోల్‌పోస్టులు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ఎవరైనా ఎప్పుడైనా ఆటలోకి రావచ్చు, పోవచ్చు, బంతులు తెచ్చి వెయ్యొచ్చు. 'అది నా గోల్' అని ఎవరైనా ఎన్నిసార్లైనా అనుకోవచ్చు. అందులో రిఫరీ, కోచ్, ఆటగాళ్లు, ప్రేక్షకులు అన్నవాళ్ల చోట ప్రిన్సిపాల్, టీచర్లు, పిల్లలు, తల్లిదండ్రులు అని పెట్టుకోండి, అదే బడి అంటాడు. నవ్వొచ్చింది. ఈ సబ్జెక్టులో మొదటిసారి నవ్వొచ్చింది! ఆ తర్వాత విషయం: ప్రిన్సిపాల్ గదికీ కౌన్సెలర్ గదికీ సంబంధం ఉంటుంది. కాని అది పల్చటి సంబంధం, ఒకదాన్ని కదిపితే రెండోది వెంటనే కదలదు, దేని ఉనికి దానిదే. అయిపోయింది. లూజ్ కప్లింగ్ అంటే ఇదీ.

ఇది చెప్పడానికా నన్ను మూడు నుంచి తొమ్మిదికి, తొమ్మిది నుంచి ఆరుకి తిప్పావు?

అవును, నువ్వే. గారూ లేదు, తమరూ లేదు. అసలు రాసినవాడు ఆటా పాటాగా చెప్తే, దాన్ని సులభం చేస్తానని జీతం పుచ్చుకున్న నువ్వు ఆ మైదానాన్ని దున్ని పట్టిక వేశావు. ఇదొక్కటే అనుకుంటే పొరపాటు. శాస్త్రీయ మేనేజ్‌మెంట్‌కి ఆద్యుడైన ఫ్రెడరిక్ టేలర్ పోత ఇనుము మోసే కూలీతో రోజుకి 12న్నర టన్నుల బదులు 47న్నర టన్నులు మోయించి, కూలి 1.15 డాలర్ల నుంచి 1.85కి మాత్రమే పెంచిన కథ మేనేజ్‌మెంట్ చదివే ప్రతివాడికీ నిద్ర పట్టకుండా చెయ్యాలి. నీ దగ్గర అది ఒక ఫుట్‌నోట్. తయారీ పద్ధతిని బట్టి సంస్థ తీరు ఎలా మారుతుందో జోన్ వుడ్‌వర్డ్ ఇంగ్లండ్‌లోని సౌత్ ఎసెక్స్‌లో వంద కంపెనీలను పరిశీలించి రాసింది నీ చేతిలో మూడు పెట్టెలు, కొన్ని బాణాలు అయింది. బతికున్న మనుషులందర్నీ పేజీ అడుగుకి తోసి, పైన 'పరిప్రేక్ష్యం', 'ప్రతిమానం' అని జెండాలు ఎగరేశావు. నీ అధ్యాయాల మధ్య సంబంధం చూస్తే లూజ్ కప్లింగ్‌కి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు, ఆ ఒక్క పనీ నీకు తెలియకుండానే చేశావు.

క్షమించాలి. మళ్లీ మీరు అంటాను. ఎందుకంటే పదో అధ్యాయం ఒకటుంది.

అందులో మేయర్, రోవన్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు 1977లో రాసిందాని మీద కొన్ని పేజీలున్నాయి. ఆ పేజీలు ఎవరు రాశారో గాని, మిగతా మీకూ వాటికీ పోలికే లేదు. సంస్థలు చాలా హంగుల్ని పని సాగడం కోసం పెట్టుకోవు. అవి ఉంటేనే బయటివాళ్లు 'ఇది సరైన సంస్థే' అని ఒప్పుకుంటారు కాబట్టి పెట్టుకుంటాయి. లోపల జరిగే పని దాని దారిన అది జరుగుతుంది, రెండూ ఢీకొనకుండా మధ్యలో ఎడం పాటిస్తారు. అది చదివాక ఎవరూ చదవని లక్ష్య ప్రకటనలు, ఎవరూ వినని సమీక్షలు, సంతకాల కోసమే పుట్టిన రిజిస్టర్లు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. మీరూ అర్థమయ్యారు. సిలబస్‌లో మీ పేరుండాలి, అలమరలో మీరుండాలి, అప్పుడే అది కోర్సులా కనిపిస్తుంది. పని మాత్రం సీనియర్ల జిరాక్స్ నోట్స్ మీద నడుస్తుంది. మీరు ఎందుకున్నారో ఇంత నిజాయితీగా మీరే చెప్పుకున్నారు చూడండి, అక్కడ మీ మీద కోపం కాస్త తగ్గిందన్నది నిజం.

పరీక్షలయ్యాక మిమ్మల్ని అమ్మేస్తున్నాను. పదో అధ్యాయం మాత్రం చింపి నా దగ్గరే ఉంచుకుందామని ఉంది. కొనేవాళ్లు పట్టుకుంటారేమోనని సీనియర్‌ని అడిగాను. "అక్కడిదాకా ఎవరొస్తారు?" అన్నారు.

ఇట్లు,
విధేయత బొత్తిగా లేని ఒక విద్యార్థి