గమ్యం చేరుకున్నారు, కాకపోతే అవతలి గట్టుకి

కొత్త అల్లుడు, కొత్త కారు, అందులో పది అంగుళాల స్క్రీను. భోగి నాడు కోనసీమలో ఏ కాలవగట్టు మీద నిలబడ్డా ఈ మూడూ కలిసి కనబడతాయి. గట్టు మీద కారు నెమ్మదిస్తుంది, నీలం గీత అయిపోతుంది, "మీరు గమ్యం చేరుకున్నారు" అంటుంది లోపలి ఆడగొంతు. అల్లుడు తలెత్తి చూస్తే మావగారు నిజంగానే ఎదురుగా ఉంటారు. తెల్లపంచె కట్టుకుని, భుజం మీది తువ్వాలు తీసి ఊపుతుంటారు. ఇద్దరి మధ్యా కాలవ నిండుగా పారుతుంటుంది.

"అల్లుడుగారూ, అక్కడే ఆగండి! ముందుకెళ్తే దారి లేదండీ!"

పాపం, ఇందులో జీపీఎస్ శాటిలైట్ల తప్పేం లేదు. అవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఉంటాయి. కనీసం నాలుగు కనబడితే కారు ఎక్కడుందో లెక్క తేలుతుంది. ఆకాశం బాగా కనిపించే చోట తేడా వస్తే ఐదారు మీటర్లు, కొబ్బరితోటలోకి దూరితే ఇంకాస్త. తప్పంతా పిన్ను దగ్గరుంది. ఇంటి మీద పిన్ను పెడితే, యాప్ దాన్ని మ్యాపులో గీసి ఉన్న దగ్గరి రోడ్డుకి అతికిస్తుంది. మావగారింటికి వెళ్ళే పుంత మ్యాపులో లేదు. అవతలి గట్టు మీది తారురోడ్డు ఉంది. మధ్యలో కాలవ ఉందన్న చింత దానికి లేదు. వంతెనేమో మూడు కిలోమీటర్ల అవతల, లాకుల దగ్గర.

దీనికి మందు తేలికే. లొకేషన్ పంపేటప్పుడు మావగారు పెరట్లో గేదె దగ్గర కాకుండా, కారు ఆగాల్సిన రోడ్డు మీదికొచ్చి నిలబడి పంపాలి. అల్లుడు లాకుల వంతెనని మధ్యలో ఒక స్టాపుగా కలుపుకోవాలి. అంతే.

ఈయన నయం, ఊరి దాకా వచ్చాడు. పి.గన్నవరం వెళ్ళాల్సినాయన హైదరాబాదులో కారెక్కి ఉత్త 'గన్నవరం' అని కొట్టాడనుకోండి, యాప్ విజయవాడ విమానాశ్రయం ముందు దించి చేతులు దులుపుకుంటుంది. కొత్తపేటలూ రామచంద్రపురాలూ అయితే చెప్పనే అక్కర్లేదు. ఊరి పేరు పక్కన మండలం పేరు కూడా కొట్టడం అలవాటు చేసుకోవాలి.

బండి గుర్తు కథ ఇంకోటి. బావమరిది ఫోనులో మ్యాపు ఎప్పుడూ బైక్ మోడ్‌లోనే ఉంటుంది. ఆ ఫోన్నే కారుకి తగిలిస్తే, బైకు పట్టే సందులన్నీ కారుకి చూపిస్తుంది. తీరా చూస్తే బోదె మీద రెండు తాటిదుంగలు పడేసి ఉంటాయి, దాన్నే వంతెన అంటున్నారు. బయల్దేరే ముందు పైన కారు బొమ్మ వెలుగుతోందో లేదో చూసుకోవాలి.

ఇక పంటు, అంటే బళ్ళని కూడా ఏరు దాటించే పెద్ద పడవ. నరసాపురం నుంచి అంతర్వేదికి దగ్గరిదారి అడిగితే మ్యాపు గోదారి పాయ వశిష్ఠ మీదుగా సఖినేటిపల్లి రేవుకి గీత లాగేస్తుంది. పంటు మీద కారు ఎక్కుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ చీకటి పడ్డాక రేవుకి చేరితే, లేదా గోదారి పొంగి పంటు ఆపేస్తే, మెట్ల మీద కూర్చుని వేరుశెనక్కాయలు తినడమే. సెట్టింగుల్లో 'ఫెర్రీలు వద్దు' అన్నది నొక్కితే చించినాడ వంతెన మీదుగా దిండి, మలికిపురం తిప్పి తీసుకెళ్తుంది. దూరమే, కాకపోతే ఎవరినీ బతిమాలక్కర్లేదు. వరదల్లో ఇదీ సరిపోదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిన సంగతి మాత్రం మ్యాపుకన్నా ముందు టీకొట్టులో తెలుస్తుంది.

మరి కారు కొనేటప్పుడు ఏం చూడాలి? షోరూములో కుర్రాడు ముందు సన్‌రూఫ్ తెరుస్తాడు. ఆకాశం చూశాక కిందికి దిగి, "నావిగేషన్ ఉందాండీ?" అని అడగండి. "ఆయ్, ఉందండి" అంటాడు. ఆ మాటకి రెండు అర్థాలు. ఒకటి, కారులోనే మ్యాపూ యాంటెన్నా ఉండటం. కొన్నిట్లో సిగ్నలు పోయినా చక్రాల వేగం, మలుపుల్ని పసిగట్టే గైరో సెన్సారు చూసుకుని కాసేపు లెక్క తప్పకుండా దారి చూపుతుంది. దీనికి మ్యాపు అప్‌డేట్ ఎన్నేళ్ళు ఉచితమో, నెట్ ద్వారా వస్తుందో, సర్వీసు సెంటరుకి వెళ్ళాలో కాగితం మీద రాయించుకోవాలి. రెండోది, మీ ఫోన్లో మ్యాపునే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ద్వారా స్క్రీను మీద చూపించడం. నా ఓటు దీనికే, ఎందుకంటే మ్యాపు పాతబడదు. వైరు మీద నడిచేదైతే డేటా కేబులే కావాలి. పెట్రోలు బంకు పక్కన యాభై రూపాయలకి కొన్న తీగతో ఫోను ఛార్జవుతుంది కానీ స్క్రీను నల్లగా చూస్తూ కూర్చుంటుంది.

నెట్ లేకపోతే జీపీఎస్ ఉండదన్నది వట్టి మాట. దారి గీయడానికి మ్యాపు కావాలి గానీ, కారు జాడ తెలియడానికి నెట్ అక్కర్లేదు. ఇంట్లో వైఫై మీద డెల్టా మొత్తం ఆఫ్‌లైన్ మ్యాపు దించుకుంటే లంకల్లోనూ పనిచేస్తుంది. ఎండ ఆగాలని అద్దాలకి లోహపు పూత ఉన్న ఫిల్ము మాత్రం వేయించకండి, అది ఎండతోపాటు సిగ్నల్నీ ఆపుతుంది.

టెస్ట్ డ్రైవ్‌కి రావులపాలెం హైవే ఎక్కిస్తారు. హైవే మీద ఏ మ్యాపయినా మహారాజే. మీ ఫోను, మీ కేబులు పట్టుకెళ్ళి కాలవగట్టుకి తిప్పమనండి. కావాలనే ఒక మలుపు తప్పి, కొత్త దారి ఎంతసేపట్లో చూపిస్తుందో చూడండి. మధ్యాహ్నం ఎండలో స్క్రీను కనబడుతోందో లేదో కూడా.

అన్నట్టు, మన అల్లుడు ఇంకా గట్టు మీదే ఉన్నాడు. కారు తిప్పడానికి చోటు లేదు, ఎదురుగా గడ్డి లోడు ట్రాక్టరు. లోపల గొంతు "వీలైనప్పుడు యూ-టర్న్ తీసుకోండి" అని పోరుతోంది. చేసేది లేక రివర్సు వేశాడు. అన్ని లక్షలు పోసి కొన్న స్క్రీనులో అప్పటికి పనికొచ్చింది వెనక కెమెరా ఒక్కటే. అవతలి గట్టు మీద మావగారు పంచె ఎగ్గట్టి, కారుతో సమానంగా నడుస్తూ కేకేస్తున్నారు.

"కుడికండీ... ఇంకాస్త కుడికి... అయ్యయ్యో, నా కుడి కాదండీ, మీ కుడి!"